రంగూను మామ మెచ్చిన ఊరు

మొన్న మంగళవారం పొద్దున ప్రొద్దుటూరు బస్సు దిగిన బట్టలంగడి గుమాస్తా ఒకాయన మా వాకిట్లో నిలబడి, "అమ్మా, మీ రంగూను మామ చనిపోయినాడు. నిన్న పొద్దున ప్రాణం పోయింది, సాయంత్రానికి కార్యం గూడా అయిపోయింది" అని చెప్పి, మంచినీళ్ళు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. నేను బియ్యం చెరుగుతున్న చాట పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. వెంటనే ఏడుపు రాలేదు. పది రోజుల కిందట మామ ఈ జమ్మలమడుగులో మా ఇంట్లో రెండు రోజులుండి, తిరిగి బస్సెక్కుతూ నాతో ఒక మాట అన్నాడు. ఆ మాట నేనింకా ప్రొద్దుటూరులో ఉన్న అత్తకు చేరవేయలేదు. ముందుగా నాకు తట్టింది అదీ. మనిషి పోతే మాట గురించి ఆలోచించిన నా బుద్ధిని నేనే తిట్టుకున్నాను. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను.

మామా అత్తా అంటున్నానే గానీ వాళ్ళు మాకు చుట్టాలు కారు. ప్రొద్దుటూరులో మేం బాడుగకున్న మిద్దెకు యజమానులు. మామ పేరూ ఇంటిపేరూ నాకు తెలుసు, రాయను. రాసినా ఉపయోగం లేదు. బంగారంగళ్ళ వీధిలో ఆ పేరు చెప్పి అడిగితే "ఎవురప్పా ఆయన?" అని మనల్నే ఎదురు అడుగుతారు. రంగూను మామ అంటే మాత్రం నవ్వుకుంటూ గడపదాకా వచ్చి దారి చూపిస్తారు.

మా పుట్టిల్లు పులివెందుల. మా ఆయన అప్పట్లో ప్రొద్దుటూరులో బడిపంతులు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన బడి కాగితాలన్నీ మద్రాసుకు పోయేవి. ఏడాది తిరక్కముందే కర్నూలుకు పోవడం మొదలైంది, ఇంకో మూడేళ్ళకు హైదరాబాదుకు. అంటే మామ అరుగు మీద కూర్చున్న చోటు నుంచి కదలకుండానే నేను మూడు రాజధానుల కింద కాపురం చేశాను. మద్రాసు మేలా, కర్నూలు మేలా, హైదరాబాదు మేలా అని వీధిలో మగవాళ్ళు గొంతులు పోయేటట్టు వాదించుకుంటుంటే మామ వక్కాకు నములుతూ అంతా వినేవాడు. చివర్న లేచి, పంచె దులుపుకుని, "ఇవన్నీ ఊర్లేనాప్పా? రంగూను చూసినోడు ఎవుడన్నా ఉంటే మాట్లాడండి" అనేవాడు. చూసినవాడు ఆయనొక్కడే. దాంతో సభ ముగిసేది.

పెళ్ళయిన రెండో ఏడు అత్తను తన తల్లి దగ్గర వదిలి, రంగూనులో ఒక నగలంగట్లో పనికి పోయాడు మామ. పన్నెండేళ్ళు ఉన్నాడు. యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చాడు. ఆ నడక గురించి ఎవరడిగినా చెప్పేవాడు కాదు. వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఉన్నవి రెండే: ఒక గీటురాయి, నూనె కాగితంతో చేసిన ఒక పూల గొడుగు. రాయి కూడు పెట్టింది. గొడుగు ఏ పనికీ రాలేదు, ప్రొద్దుటూరులో వాన ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదు కదా. అయినా దాన్ని చంకలో పెట్టుకునే తిరిగేవాడు.

మేం ఇల్లు చేరిన మొదటి రోజు నేను గ్లాసు నిండా కాఫీ తీసుకుపోయి ఇచ్చాను. కొత్త కోడలిని, మెచ్చుకుంటాడని ఆశ. ఒక గుక్క తాగి, గ్లాసును ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు.

"యా ఊరు అమ్మాయీ మీది?"

"పులివెందుల మామా."

"అదే అనుకుంటి. రంగూనులో అయితే కాఫీ గ్లాసు వీధిలో పెడితే వాసనకే నలుగురు నిలబడతారు."

నాకు ఒళ్ళు మండింది. అయితే ఆ గ్లాసు ఖాళీ చేసి, ఇంకో సగం పోయించుకుని తాగాడన్నది కూడా చెప్పాలి. అది ఆయన పద్ధతి. ఇక్కడిదాన్ని దేన్నీ వదిలిపెట్టేవాడు కాదు, దేన్నీ ఒప్పుకునేవాడూ కాదు. ఉప్పు, నీళ్ళు, మంగలి, తమలపాకు, దోమ, ఏది కంటపడినా రంగూను ముందు తేలిపోవాల్సిందే. దోమ కూడానా అని నేను ఎగతాళి చేస్తే, "ఆడి దోమకు మర్యాద ఉండాది అమ్మాయీ. కరిచేముందు చెప్తాది" అన్నాడు. ముఖంలో నవ్వు లేదు.

రంగూనులో వానాకాలం మొదలయ్యే రోజు అంటూ ఆయన మనసులో ఒకటుండేది. ఏటా ఆ రోజుకు మిద్దె చూరు నీళ్ళు పడే చోట పెద్ద రాగి బోకు పెట్టించేవాడు. మాకు అప్పటికి ఎండలే తగ్గేవి కావు. నెల రోజులు ఆ బోకు అట్లాగే ఉండేది, పక్కింటి కోడి ఒకటి అందులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టేది. అత్త ఆ గుడ్లు తీసి పక్కింటికి పంపి, బోకు తోమి, మళ్ళీ చూరు కిందే పెట్టేది. ఒక్క మాట అనేది కాదు.

ఇంట్లో ఇట్లాంటి మనిషి అంగట్లో మాత్రం వేరు. బంగారంగళ్ళ వీధిలో ఏ నగ చేతులు మారినా ముందు మామ రాయి మీద గీత పడాలి. పొద్దున ఎండ పక్కనుంచి పడే వేళ గడపలో కూర్చునేవాడు. తెచ్చిన నగతో రాయి మీద ఒక గీత గీసి, దాని పక్కనే వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, రెండింటినీ చూసి చెప్పేవాడు. మబ్బు పట్టిన రోజు చెప్పేవాడు కాదు. దీపం వెలుగులో అసలే చెప్పేవాడు కాదు. ఒకసారి నా గాజు తీసుకుపోయి, "మామా, ఊరికే చూసి చెప్పగూడదా? మీకు తెలీని బంగారమా?" అన్నాను. కోపం వచ్చింది.

"రెండు గీతలు ఒకే రాయి మీద, ఒకే వెలుతుర్లో, పక్కపక్కన పడాల అమ్మాయీ. నిన్న చూసిన వన్నెను మనసులో పెట్టుకోని ఈ పొద్దు మాట చెప్పేటోడు దొంగన్నా కావాల, పిచ్చోడన్నా కావాల."

ఈ మాట అన్న మనిషే మధ్యాహ్నం భోజనానికి వచ్చి, పదిహేనేళ్ళ కిందట తిన్న అన్నాన్ని తలుచుకుని ఎదురుగా ఉన్న అన్నానికి తరుగు కట్టేవాడు. దొంగ మాత్రం కాదు, అంతవరకు నేను సాక్ష్యం చెప్పగలను.

ఒక ఉగాదికి నలుగురు చుట్టాలొచ్చారు. అత్త తెల్లారకముందే లేచి ఓళిగలు చేసింది. మా అత్త చేతి ఓళిగను రెండు వేళ్ళతో పట్టుకుంటే అవతలి వెలుతురు కనబడేది, నోట్లో పెడితే నమలాల్సిన పని లేదు. అందరూ ఆహా ఓహో అంటుంటే మామ ఆరో ఓళిగ మడిచి నోట్లో పెట్టుకుంటూ, "రంగూనులో ఒక అరవ అవ్వ చేసేది లెండి. అవి ఓళిగలంటే" అన్నాడు.  అత్త వంగి ఆయన విస్తట్లో ఏడో ఓళిగ వేసి, నెయ్యి పోసి, వంటింట్లోకి వచ్చింది. నేను పళ్ళు కొరుక్కుంటున్నాను.

"ఏందత్తా ఇది? ఒక్క మాట అనవేంది నువ్వు?"

అత్త పొయ్యిలో కట్టె ఎగదోసింది. మంట వైపు చూస్తూ అంది.

"నాకు ఒకటే కోరిక అమ్మాయీ. ఆ ఊరిని ఒక్కసారి కండ్లతో చూడాల. ఇన్నేండ్లు నన్ను ఓడిస్తానే ఉండాదే, అది ఎట్లుందో చూస్తే చాలు. నిజంగా గొప్పదయితే ఓడినానని నేనే ఒప్పుకుంటా. చూడకుండా ఓడిపోవాల్నంటే బాధగుంటాది."

ఆ రోజు అత్త నోట కోరిక అనే మాట మొదటిసారి విన్నాను. తీరుతుందని ఆమె గానీ నేను గానీ అనుకోలేదు.

హైదరాబాదు రాజధాని అయిన మరుసటి ఏడు రంగూను నుంచి మామకు ఉత్తరం వచ్చింది. మా ఆయనే చదివి వినిపించాడు. పాత యజమాని మళ్ళీ పెద్ద అంగడి తెరిచాడు. గీటురాయి పట్టడానికి నమ్మకమైన చేయి దొరకలేదు. ఈసారి ఒక్కడివే రావద్దు, ఇంటామెను కూడా తీసుకురా, ఉండటానికి ఇల్లు చూసిపెట్టాను, ఓడ టిక్కెట్లు నేనే పంపుతాను, అనుమతి కాగితాలు కూడా నేనే చూసుకుంటాను అని ఉంది. ఉత్తరం ముగిసేసరికి అరుగు మీద ఇరవైమంది. వీధి వీధంతా మామను పెళ్ళికొడుకును చేసింది. ఒకాయన పరుగున పోయి బొరుగులూ బెల్లం తెచ్చి పంచాడు.

మామ ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు. వక్కాకు నమలడం ఆపేశాడు. తర్వాత మెల్లగా అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"ఈడ మాత్రం ఏం తక్కువైందిలేప్పా మనకు."

అరుగు మీద ఇరవైమందీ ముక్కున వేలేసుకున్నారు.

అత్త లోపలికి పోయి అటక మీది ట్రంకుపెట్టె దింపింది. దుమ్ము తుడిచింది. నాలుగు చీరలు ఉతికి ఆరేసింది. నన్ను పిలిచి, ఓడలో ఎన్ని రోజులు పడుతుంది, చింతాకు పొడి అన్నాళ్ళు నిలుస్తుందా అని అడిగింది. నలభై అయిదేళ్ళ మనిషి ముఖం పదహారేళ్ళ పిల్ల ముఖమైంది. అది చూసి నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

అప్పటినుంచి మామ నోట రంగూను పేరు బందు. పెన్న ఇసకలో చెలమ తీస్తే ఊరే నీళ్ళకు సాటి లేదన్నాడు. మన ఎండ ఆరోగ్యమన్నాడు. నా కాఫీని, అదే పులివెందుల కాఫీని, "అమ్మాయీ, అమృతం గదా ఇది" అన్నాడు. నాలుగేళ్ళు ఎదురుచూసిన మెప్పు అట్లా భయంతో వస్తుందని నేననుకోలేదు. ప్రయాణం మాట ఎత్తితే మోకాళ్ళ నొప్పులనేవాడు. ఆ నెల ఆషాఢమన్నాడు, పై నెల వాళ్ళ నాయన తద్దినమన్నాడు, ఆ తర్వాత మూఢమన్నాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత పంచాంగం ముట్టని మనిషి రోజూ పురోహితుడి ఇంటికి తిరగడం మొదలుపెట్టాడు. మంచిరోజు ఎప్పుడో కనుక్కోవడానికి కాదు, లేదని చెప్పించుకోవడానికి.

ఒకరోజు పొద్దున ఆయన రాయి తుడుచుకుంటుంటే అత్త ఎదురుగా వచ్చి నిలబడింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఏమయ్యా, రెండు గీతలు ఒకే రాయి మీద పడాలంటివే. నేను పుట్టిననాటినుంచి ఈ ఊరి గీత ఒకటే చూస్తి. రెండోది గూడా నా కండ్ల ముందర పడనీ. అప్పుడు ఏది మేలో నేనే చెప్తా. నీ మాట మీద ఎన్నాళ్ళని ఓడేది?"

మామ రాయి తుడవడం ఆపాడు. "అది కాదే..." అన్నాడు.

"ఏది కాదు?"

"ఆడ నీళ్ళు నీకు పడవే."

"పదైదేండ్లు పన్నీరంటివి గదా!"

ఆయన రాయి చంకలో పెట్టుకుని అంగడికి పోయాడు. ఆ రోజు మబ్బు పట్టింది, పని లేదు. అయినా చీకటి పడేదాకా ఇంటికి రాలేదు. అత్త ట్రంకుపెట్టె మాత్రం తిరిగి అటక ఎక్కలేదు. పడసాలలో నడిమధ్య ఉంది. అటూ ఇటూ పోయే ప్రతిసారీ మామ దాన్ని చుట్టి నడిచేవాడు.

మనిషి దేనికి భయపడుతున్నాడో మాకు అర్థం కాలేదు. ఆ ఊరు తను చెప్పినంత గొప్పది కాదని అత్తకు తెలిసిపోతుందని కాబోలు అనుకున్నాం. మూడు నెలలకు రంగూను నుంచి మనిషే వచ్చాడు, అప్పుడు తెలిసింది.

ఆయనది కాకినాడ. ఆ అంగట్లో మామ పక్కనే కూర్చుని రాళ్ళు పొదిగినవాడు. యుద్ధం తర్వాత మళ్ళీ రంగూనుకే పోయి, ఇప్పుడు మేనకోడలి పెళ్ళికి వచ్చాడు. తిరిగి పోయేటప్పుడు మామను వెంటబెట్టుకుని రమ్మని యజమాని చెప్పాడట. ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సు దుమ్మంతా నెత్తిన వేసుకుని, నవ్వుతూ వచ్చాడు.

"ఏవండీ అన్నగారూ, జవాబు రాసే తీరిక కూడా లేదాండీ! వదినగారూ, సామాను సర్దేశారన్నమాట!" అన్నాడు ట్రంకుపెట్టె చూసి.

అత్త వంట మొదలుపెట్టింది. నేనూ సాయం పోయాను. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పప్పు, పుంటికూర. మామ ఆ మనిషిని ఒక్క నిమిషం మా దగ్గర వదలకుండా మిద్దె చూపిస్తాననీ, వీధి చూపిస్తాననీ తిప్పుతూనే ఉన్నాడు. విస్తళ్ళ ముందు కూర్చున్నాక మాత్రం తప్పలేదు. "తిను తిను, మాటలు తర్వాత" అని తొందర పెట్టాడు.

ఆయన సంగటి ముద్దను ఊరిబిండిలో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"వదినగారూ, ఈ ముద్ద గురించి నేను పదేళ్ళు చెవులప్పగించి విన్నానండీ. ఇన్నాళ్ళకి నోట్లో పడింది."

అత్తకు అర్థం కాలేదు. గరిటె పట్టుకుని అట్లాగే చూసింది.

"మీకు తెలీదా ఏవిటండీ! రంగూనులో ఈయన్ని అందరం ఏమనేవాళ్ళమో తెలుసా? ప్రొద్దుటూరు అన్నగారు అనేవాళ్ళమండీ. అసలు పేరు యజమానికి కూడా గుర్తులేదు. నీళ్ళు తాగితే మా పెన్న నీళ్ళు అనేవారు. వాన పడితే, ఛీ ఇదేం ఊరు, మా ఊళ్ళో ఆకాశం ఎంత శుభ్రంగా ఉంటుందో అనేవారు. ఇంక అన్నం ముందు కూర్చుంటే చెప్పక్కర్లేదు. మా ఇంటిది చేసిన ఓళిగలో నుంచి చూస్తే అవతల దీపం కనబడుతుంది అనేవారు. పాపం, అక్కడొక అరవ అవ్వ మాకు వండిపెట్టేదండీ. ఈయన దెబ్బకి ఏడ్చుకుంటూ పని మానేసింది. ఇంత బంగారం లాంటి ఇల్లాల్ని వదిలేసి ఈ మనిషి ఇక్కడెందుకు పడున్నాడా అని మేం రోజూ అనుకునేవాళ్ళం."

 మామ తల వంచి విస్తట్లో ఖాళీగా ఉన్న చోట వేలితో గీతలు గీస్తున్నాడు. అత్త ముఖంలోకి చూడటానికి నాకే ధైర్యం లేకపోయింది.

"ఇంకేమనేటోడు?" అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది.

ఆయన ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాడు. మీరు పొయ్యి ముట్టిస్తే పొగ రాదనేవారండీ. మీరు వాకిట్లో నీళ్ళు చల్లితే వీధంతా చల్లబడుతుందనేవారండీ. అత్త ప్రతి దానికీ "ఊ" కొడుతూ, ఆయన విస్తట్లో ఊరిబిండి వేస్తూనే ఉంది. పాపం, ఆయన ఎంత తిన్నాడో ఆయనకే తెలియదు.

చేతులు కడుక్కుని అందరూ కూర్చున్నాక అత్త పడసాలలోకి వచ్చింది. మామ ఎదురుగా నిలబడింది.

"అంటే, నువ్వు ఆడుంటే నేను మంచిదాన్ని. నువ్వు ఈడుంటే ఆ అవ్వ మంచిది. అంతే గదా?"

మామ నసిగాడు. 

"అయితే నేను రాను. నేనొస్తే ఆడ గూడా ఓడిపోతా. నువ్వొక్కడివే పో. ఆడ కూచోని నన్ను బాగా మెచ్చుకుందువు. ఈడ నేను సుఖంగా ఉంటా."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు దుఃఖం ఆగలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని మా గదిలోకి వచ్చేశాను. ఎవరూ పోలేదు. మరునాడు కాకినాడాయన ఒక్కడే, చింతాకు పొడి పొట్లం పట్టుకుని, ఏం తప్పు మాట్లాడాడో తెలియని ముఖంతో బస్సెక్కాడు. ట్రంకుపెట్టెను అత్తే అటక మీద పెట్టింది. రంగూను చూసే కోరిక అక్కడితో తీరిపోయిందో, చచ్చిపోయిందో నేను అడగలేదు.

ఆ తర్వాత చాలా రోజులు మామ దేన్నీ దేనితోనూ పోల్చలేదు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేవాడు, అంతే. "రంగూను..." అని ఎత్తుకుని, అత్త వైపు చూసి, మింగేసేవాడు. మెచ్చుకోవాలంటే మాత్రం నోరు రాదు. ఎదురుగా ఉన్నదాన్ని మెచ్చుకోవడం ఆ మనిషికి చేతకాదు, పుట్టుకతోనే అంతేమో. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఆ దోమ మర్యాద కబుర్లే మేలనిపించేది నాకు.

ఇంతలో మా ఆయనకు జమ్మలమడుగు బదిలీ అయింది. మేం వచ్చిన రెండు నెలలకు ఇక్కడొక శెట్టిగారింట్లో పాత నగలు చూడటానికి మామ వచ్చాడు. పని తెమలక రెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నాడు. నేను చారు పోశాను. ఒక గుక్క తాగి, గిన్నె ఎత్తి వెలుతురులో చూసి, "మా ప్రొద్దుటూరులో అయితేనా అమ్మాయీ..." అని మొదలుపెట్టాడు.

నేను గరిటె కింద పెట్టేశాను.

ప్రొద్దుటూరు నీళ్ళు, ప్రొద్దుటూరు మంగలి, ప్రొద్దుటూరు తమలపాకు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి అత్త వంటింట్లోనే తేలేవాడు. "మీ అత్త చారు పోస్తే వీధి మలుపు కాడ తెలుస్తాది. మీ అత్త తలుపు మూస్తే చప్పుడు రాదు, చూసినావా ఎప్పుడన్నా?" సముద్రం దాటాల్సిన పనే లేదని నాకు అప్పుడు తెలిసింది. పన్నెండు మైళ్ళు చాలు.

ఆ నెల చీర కొనే వంకతో ప్రొద్దుటూరు పోయి అత్తకు చెప్పాను, నవ్వించాలని. అత్త నవ్వలేదు. వంటింటి తలుపు దగ్గరికి వేసి, పీట వాల్చి, కాఫీ ఇచ్చి, "ఊ, మల్ల చెప్పు" అంది. మూడుసార్లు చెప్పించుకుంది. తలుపు చప్పుడు సంగతి నాలుగోసారి.

అప్పటినుంచి ఆరేళ్ళు ఇదే వరస. నెలో రెండు నెలలో గడిచేసరికి, "అమ్మాయి ఎట్లుండాదో చూసిరాపో" అని అత్తే మామను బస్సెక్కించేది. ఆయన ఇక్కడికి వచ్చి నా వంటనూ ఈ ఊరినీ తిట్టి, తన ఊరినీ ఇంటిదాన్నీ ఆకాశానికెత్తి పోయేవాడు. నేను ఆ మాటలు మూటగట్టుకుని పోయి అత్తకు అప్పగించేదాన్ని. నా చారును ఇన్నేళ్ళు ఇంతగా తిట్టించుకుని కూడా నేను పండగ చేసుకున్నానంటే ఎవరైనా నమ్ముతారా? మామకు ఈ ఏర్పాటు తెలియదనే మేమిద్దరం అనుకున్నాం.

పది రోజుల కింద వచ్చినప్పుడు ఆయన మామూలుగా లేడు. అన్నం తక్కువ తిన్నాడు. చారు తాగి, "బాగుంది అమ్మాయీ" అన్నాడు.  నీళ్ళు తాగి, "మీ ఊరి నీళ్ళు గూడా బాగుండాయి" అన్నాడు. రెండు రోజులు కాచుకున్నాను, ప్రొద్దుటూరు మాట ఎత్తలేదు. అత్తకు ఏం తీసుకుపోవాలా అని నాకు దిగులు పట్టుకుంది. చివరికి బస్సు మెట్టు మీద కాలు పెట్టి, గొడుగు చంకలో సర్దుకుంటూ నా వైపు తిరిగాడు.

"ఈసారి నీతో ఏం చెప్పి పంపాల్నో తెలీలేదు అమ్మాయీ. నువ్వు గూడా ఎన్నిసార్లని మోస్తావు? నేనే చెప్తాలే పోయి."

బస్సు కదిలింది. ఆయనకు మొదటినుంచీ తెలుసు!

చావు కబురు విన్న మధ్యాహ్నమే నేను ప్రొద్దుటూరు పోయాను. పడసాలలో చుట్టాలు, వీధివాళ్ళు. అత్త నన్ను చూసి లేచి వంటింట్లోకి నడిచింది. తలుపు దగ్గరికి వేసింది. పీట వాల్చింది. ఆమె అడగకముందే నేను ఏడుస్తూ చెప్పాను, ఈసారి నాతో ఏమీ పంపలేదనీ, నేనే చెప్తాలే అన్నాడనీ.

అత్త నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చెప్పినాడా అత్తా?"

"వచ్చినాడు. గొడుగు మూల పెట్టినాడు. కాళ్ళు కడుక్కున్యాడు. ఈ గుమ్మంలో నిలబడి, ఏమే, అని పిల్చినాడు. ఏంది, అంటి. శానాసేపు అట్లే నిలబడినాడు." అత్త ఆ గుమ్మం వైపే చూస్తోంది. "ఆమీట, జమ్మలమడుగు నీళ్ళు శానా తియ్యగుండాయే, మన నీళ్ళు ఏం నీళ్ళు, అని చెప్పి పొయ్యి పండుకున్యాడు."

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. అత్తకు కూడా వచ్చింది. ఇద్దరం బయట వాళ్ళకు వినబడకుండా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే అత్త నా భుజం మీద తల పెట్టి భోరుమంది. చాలాసేపటికి తేరుకుని, ముఖం తుడుచుకుని, చూరు వైపు తల తిప్పి అంది.

"ఇప్పుడు ఆ పైన కూచోని మొదలుపెట్టింటాడులే, మా ప్రొద్దుటూరులో అయితేనా అని. ఆడ నీమాదిరి మోసుకొచ్చేటోళ్ళు ఎవురుండారమ్మా?"